ఫిల్టర్ మింగేసిన మందు: తమ్ముడి ఇంగ్లీషు లెటర్ ప్రాజెక్టు డైరీ

ఆదివారం, మొదటి రోజు

తమ్ముడు పొద్దున్నే వాట్సాప్‌లో లెటర్ పంపాడు. వాడు విశాఖ పక్కన పరవాడ ఫార్మా సిటీలో, ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబులో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. హైదరాబాద్‌లో ఇంజెక్షన్లు తయారుచేసే ఒక కంపెనీలో సీనియర్ అనలిస్ట్ పోస్టు పడింది. గడువు వచ్చే వారం శుక్రవారం. బయోడేటాతో పాటు ఇంగ్లీషులో ఒక పేజీ లెటర్ కూడా పెట్టమన్నారు.

"నువ్వు ఇంగ్లీషు టీచర్‌వి కదా అక్కా, గ్రామర్ ఒక్కటి చూసి పంపేయ్, చాలు" అన్నాడు.

నేను విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. పేపర్లు దిద్దడం అలవాటైన పని కాబట్టి గంటలో తేలిపోతుందనుకున్నాను. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. 418 పదాలు, పేజీన్నర. గ్రామర్ తప్పులు 23 లెక్కకొచ్చాయి. వాటన్నిటినీ దిద్దేసి, కాగితం పక్కన పెట్టి, నన్ను నేనే అడిగాను: ఈ లెటర్ రాసిన మనిషి ల్యాబుకి వెళ్లి ఏం చేస్తాడు? చెప్పలేకపోయాను. సొంత తమ్ముడి గురించి ఆ లెటర్ చదివాక కూడా నాకేమీ తెలియలేదంటే, ముక్కూ మొహం తెలియని మేనేజర్‌కి ఏం తెలుస్తుంది?

మొదటి వాక్యం ఇది: "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్, ఐ బెగ్ టు స్టేట్ ద ఫాలోయింగ్ ఫ్యూ లైన్స్ ఫర్ యువర్ కైండ్ కన్సిడరేషన్." అంటే సవినయంగా మనవి చేసుకుంటున్నానని. చివరి వాక్యం ఇంకా పెద్దది. అవకాశం ఇస్తే నా పై అధికారులకు పూర్తి సంతృప్తి కలిగేలా విధులు నిర్వర్తిస్తానని హామీ ఇస్తున్నాను అని. ఆ చివరి వాక్యం చదవగానే చెయ్యి ఆగిపోయింది. అది తమ్ముడి వాక్యం కాదు. నాన్నది.

నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మా వీధిలో, పక్క వీధిలో ఎవరు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నా ఫుల్‌స్కేప్ కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చేవారు. "ఐ అష్యూర్ యూ" అనే ఆ వాక్యాన్ని నాన్న చూడకుండా, ఒక్క అక్షరం తప్పకుండా కొట్టేవారు. లైను చివర గంట మోగే చోటు కూడా నాకు గుర్తే.

ఈ రోజు ఇంకేమీ కొట్టేయలేదు. పెన్ను మూసేశాను.

సోమవారం, రెండో రోజు

స్కూల్లో లంచ్ బెల్లులో ప్రకటనను మళ్లీ చదివాను. వాళ్లు అడిగినవి: హెచ్‌పీఎల్‌సీ మీద చేయి తిరిగి ఉండాలి, జీసీ తెలిస్తే మంచిది, ఓఓఎస్ విచారణలు చేసి ఉండాలి, డేటా ఇంటెగ్రిటీ మీద అవగాహన ఉండాలి, ఆడిట్లు ఎదుర్కొని ఉండాలి.

ఈ మాటల్లో సగం నాకు కొత్త. సాయంత్రం ఫోన్ చేసి తమ్ముడితో పాఠం చెప్పించుకున్నాను. నేను అడిగేదాన్ని, వాడు చెప్పేవాడు. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులోని పదార్థాలను విడదీసి ఒక్కోటి ఎంతుందో కొలిచే యంత్రం. మొబైల్ ఫేజ్ అనే ద్రావణం ఒక సన్నటి కాలమ్ గుండా వెళ్తుంది, అందులో కలిసిన పదార్థాలు ఒక్కోటీ ఒక్కో సమయానికి బయటికొస్తాయి, కంప్యూటర్ తెర మీద శిఖరాలుగా కనిపిస్తాయి. జీసీ కూడా అలా విడదీసే యంత్రమే, కాకపోతే ద్రావణం బదులు వాయువుతో. ఓఓఎస్ అంటే ఫలితం నిర్ణయించిన హద్దు దాటడం. ఓఓటీ అంటే హద్దులోనే ఉన్నా, మునుపటి బ్యాచ్‌ల వరసకు భిన్నంగా నడవడం. ఓఓఎస్ వస్తే ఇష్టమొచ్చినట్టు మళ్లీ మళ్లీ పరీక్ష చేసి మంచి ఫలితం రాసుకోకూడదు. ముందు కారణం వెతకాలి. అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద 2006లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2022లో సవరించింది.

చెప్తున్నంతసేపూ వాడి గొంతు మారిపోయింది. తడబాటు లేదు, "హంబుల్ సబ్మిషన్" లేదు. ఆ గొంతు లెటర్లో ఎక్కడా లేదు. గ్రామర్ సంగతి తర్వాత, ముందు ఇది తేవాలి అనుకున్నాను.

మంగళవారం

తమ్ముడు రెండో డ్రాఫ్ట్ పంపాడు. ఫోన్‌లోని ఒక ఏఐ యాప్‌తో రాయించాడట. 365 పదాలు. గ్రామర్ తప్పు ఒక్కటి కూడా లేదు.

చదువుతుంటే భయం వేసింది. "డైనమిక్", "ప్యాషనేట్", "రిజల్ట్స్-డ్రివెన్", "ప్రూవెన్ ట్రాక్ రికార్డ్". పదిమంది బృందానికి నాయకత్వం వహించాడని ఉంది. జీసీలో నిపుణుడని ఉంది. "స్పియర్‌హెడెడ్" అని ఒక క్రియ రెండుసార్లు ఉంది. దండయాత్రలో ముందు నడిచినట్టు.

ఫోన్ చేశాను.

"ఒరే, పదిమందికి నువ్వు లీడర్‌వా?"

"లేదక్కా. నలుగురు జూనియర్లకి ట్రైనింగ్ ఇచ్చాను. అదే పెంచి రాసినట్టుంది."

"జీసీ?"

"మూడు నెలలు నేర్చుకున్నాను. టాబ్లెట్లలో మిగిలిపోయిన సాల్వెంట్లు, అదే తయారీలో వాడిన ద్రావకాలు, చూసేవాళ్లం, అంతే."

"మరి ఇది ఎలా పంపుదామనుకున్నావు?"

కాసేపు మాట్లాడలేదు. "ఇంగ్లీషు బాగుంది కదా అని చూశానక్కా. విషయం చూడలేదు" అన్నాడు.

వాడి తప్పు అనుకోను. తెలుగు మీడియంలో చదువుకున్న వాళ్లందరికీ ఈ అలవాటు ఉంటుంది, నాకూ ఉంది. తప్పుల్లేని ఇంగ్లీషు కనిపిస్తే దానికి లొంగిపోతాం. అది నిజం చెప్తోందా అని అడిగే ధైర్యం రాదు. నాన్న కొట్టిన వాక్యాల ముందు ఊళ్లోవాళ్లు అలాగే నిలబడేవారు. ఇప్పుడు యాప్ ముందు మేం నిలబడుతున్నాం.

ఆ డ్రాఫ్ట్ మొత్తం పక్కన పెట్టాం. దానిలోంచి ఒక్కటి మాత్రం తీసుకున్నాను: పేరాల వరస. ఏ పోస్టుకో మొదటి వాక్యంలోనే చెప్పడం, తర్వాత పని, తర్వాత అక్కడికి ఎందుకు రావాలనుకుంటున్నాడో. అది బాగుంది.

గురువారం రాత్రి

ఈ రోజు జరిగింది మొత్తం రాసుకోవాలి.

తమ్ముడికి వీక్లీ ఆఫ్. రెండు గంటలు ఫోన్‌లో కూర్చున్నాం. లెటర్లో ఒక వాక్యం పట్టుకున్నాను. "ఐ వజ్ ఇన్వాల్వ్డ్ ఇన్ హ్యాండ్లింగ్ ఆఫ్ ఓఓఎస్ అండ్ ఓఓటీ యాక్టివిటీస్." ఆ పనుల్లో పాలుపంచుకున్నాను అని. దాన్ని ఇంగ్లీషులో దిద్దకుండా, తెలుగులో అడిగాను.

"ఇది వదిలెయ్. నీకు బాగా గుర్తున్న ఓఓటీ ఒకటి చెప్పు. అమ్మకి చెప్తున్నట్టు చెప్పు."

"అమ్మకా? అమ్మకైతే..." నవ్వాడు. తర్వాత మొదలుపెట్టాడు. "ఒక టాబ్లెట్ ఉండేదక్కా. వరసగా మూడు బ్యాచ్‌లు అస్సే, అంటే టాబ్లెట్‌లో అసలు మందు ఎంతుందనే కొలత, తగ్గుతూ వచ్చింది. ఫెయిల్ కాలేదు, హద్దులోనే ఉంది. కానీ ఒకదాని తర్వాత ఒకటి కిందికి జారుతోంది. ప్రొడక్షన్ వాళ్లేమో మా మిక్సింగ్ బాగానే ఉందన్నారు. యంత్రం బాగుంది, స్టాండర్డ్ బాగుంది. నాకు నిద్ర పట్టలేదు. లాగ్ బుక్కులు వెనక్కి తిప్పితే, సరిగ్గా ఆ మొదటి బ్యాచ్ దగ్గరే సిరింజి ఫిల్టర్ల లాట్ మారిందని కనిపించింది. అదే శాంపిల్‌ని సగం ఫిల్టర్ చేసి, సగం చెయ్యకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పోల్చుదామని మా సార్‌ని అడిగాను. ఒప్పుకున్నారు. చూస్తే ఏముంది, ఫిల్టర్ మందుని మింగేస్తోందక్కా! మొదట దిగే చుక్కల్లో మందు తక్కువ. ఐదు మిల్లీలీటర్లు పోయాక సరిగ్గా ఉంది."

"తర్వాత?"

"మెథడ్‌లో 'ఫిల్టర్ చెయ్యాలి' అని మాత్రమే ఉండేది. 'మొదటి ఐదు మిల్లీలీటర్లు పారబోయాలి' అని చేర్చారు. మళ్లీ ఆ సమస్య రాలేదు."

నేను గబగబా కాగితం మీద రాసుకుంటున్నాను. ఆరేళ్ల పని మొత్తం "ఇన్వాల్వ్డ్" అనే ఒక్క మాట కింద దాక్కుంది.

"ఒరేయ్, ఇది ఎందుకు రాయలేదురా?"

"అది నేనొక్కణ్ణే చెయ్యలేదు కదక్కా. సార్ ఒప్పుకున్నారు కాబట్టి చేశాను. కన్ఫర్మ్ చేసింది టీమ్ అంతా. నేను చేశానని రాస్తే డప్పు కొట్టుకున్నట్టు ఉండదా?"

ఇదీ అసలు విషయం. గ్రామర్ తప్పని నేను ఆదివారం దిద్దిన చాలా వాక్యాల్లో ఉన్నది గ్రామర్ తప్పు కాదు, మొహమాటం. "వర్క్ వజ్ డన్", "ట్రైనింగ్ వజ్ గివెన్", "ఎక్స్‌పోజర్ వజ్ దేర్". చేసినవాడు వాక్యంలోంచి తప్పుకుంటున్నాడు. మన ఇళ్లలో "నేను చేశాను" అని ముందుకు రావడం పెద్దల ఎదుట కాళ్లు చాపుకు కూర్చోవడం లాంటిది. ఆ మర్యాద నాకిష్టమే. దాన్ని వదులుకోమని తమ్ముడికి చెప్పబుద్ధి కాలేదు. అయితే వాడి మాటలోనే దారి కూడా ఉంది.

"సరే. లాగ్ బుక్ వెనక్కి తిప్పింది ఎవరు?"

"నేనే."

"పోల్చి చూద్దామన్నది?"

"నేనే."

"కన్ఫర్మ్ చేసింది?"

"టీమ్."

"అయితే అలాగే రాద్దాం. నువ్వు చేసింది నీ పేరు మీద, టీమ్ చేసింది టీమ్ పేరు మీద. ఎక్కడా పెంచొద్దు, ఎక్కడా దాచొద్దు."

రాత్రి పదకొండుకి ఆ పేరా ఇలా తేలింది. వరసగా మూడు బ్యాచ్‌లలో అస్సే తగ్గుతున్నప్పుడు "ఐ నోటీస్డ్" అని మొదలై, ఫిల్టర్ లాట్ మారడం, "ఐ ప్రపోజ్డ్" అని పోలిక పరీక్ష, "ది టీమ్ కన్ఫర్మ్డ్" అని ఫలితం, చివరికి మెథడ్ మారడం. నాలుగు చిన్న వాక్యాలు, 61 పదాలు. వాడికి చదివి వినిపించాను. "ఇదే జరిగిందక్కా" అన్నాడు.

శనివారం

తమ్ముడు ప్రింట్ తీసుకుని చేత్తో దిద్ది ఫొటో పంపాడు. ఆ దిద్దుబాట్లు చూసి చాలాసేపు ఫోన్ కింద పెట్టలేకపోయాను. కొట్టేసిన ప్రతి పదం మీదా ఒకే ఒక సన్నటి గీత. కింద ఉన్న మాట స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన పొట్టి సంతకం, తేదీ, ఎందుకు కొట్టేశాడో రెండు మాటలు. ల్యాబు నోట్‌బుక్కుల్లో అలాగే దిద్దాలట. వైట్నర్ పూయకూడదు, గిజిగిజిగా కొట్టకూడదు, పేజీ చింపకూడదు. పాత మాట ఏదో తర్వాత చూసేవాడికి తెలియాలి.

డేటా ఇంటెగ్రిటీకి వాళ్లు ఐదు లక్షణాలు చెప్తారు. ఎవరు రాశారో తెలియాలి, చదవగలగాలి, పని జరిగినప్పుడే రాసి ఉండాలి, మొదటి కాగితమే అయి ఉండాలి, నిజమై ఉండాలి. వాటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి అల్‌కోవా అంటారు. ల్యాబులో ఇంకో మాట కూడా ఉందట: రాయనిది జరగనట్టే.

అప్పుడు తట్టింది. లెటర్‌కి నేను కొత్త నియమాలు నేర్పక్కర్లేదు. వాడి ల్యాబు నియమాలే సరిపోతాయి. ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం: లెటర్లో ప్రతి మాటకీ, ఆడిటర్ అడిగితే చూపించే ఆధారం లాంటిది ఉండాలి. లేకపోతే గీత పడుతుంది.

ఆ లెక్కన పోయినవి చాలా ఉన్నాయి. "వెయ్యికి పైగా బ్యాచ్‌లు పరీక్షించాను" అని ఉంది. లెక్క ఉందా అంటే, అందాజు అన్నాడు. గీత. "ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్" ఉంది. ఎవరు కొలిచారు? గీత. "హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్" మీద కాస్త వాదన జరిగింది. "నిజంగా కష్టపడతాను కదక్కా" అన్నాడు. నిజమే, కానీ అది ఫిల్టర్ పేరాలో కనిపిస్తోంది, మళ్లీ చెప్తే బలం తగ్గుతుంది అన్నాను. చివరికి వాడే గీత గీశాడు, పక్కన "రిపీటెడ్" అని రాసి. నలుగురు జూనియర్ల ట్రైనింగ్ మాత్రం ఉంచాం. ఆ నలుగురి పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

జీసీ గురించి నిజమే రాశాం. మూడు నెలల ప్రాథమిక శిక్షణ, మిగిలిపోయిన సాల్వెంట్ల పరీక్ష వరకు. ఇంజెక్షన్ మందులతో ఇంతవరకు పని చెయ్యలేదన్న సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పేశాం. వాడికి టెన్షన్ పట్టుకుంది. "మనమే చెప్పేస్తే పిలుస్తారా అక్కా?" అని. బయోడేటాలో అన్నీ టాబ్లెట్లే ఉన్నప్పుడు దాచినా దాగదు. ముందే చెప్తే మిగతా మాటలు కూడా నమ్ముతారు. నా అభిప్రాయం అది, అందుకే పట్టుబట్టాను.

ఇంకొక జాగ్రత్త వాడే గుర్తు చేశాడు. మందు పేరు, బ్యాచ్ నంబర్, ఏ దేశపు కస్టమరో, ఆడిట్లో ఏం అడిగారో రాయకూడదు. చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత కాగితం ఉంది. అందుకని "ఎ కోటెడ్ టాబ్లెట్" అని మాత్రమే ఉంది. అవతలి మేనేజర్ కూడా ఇదే రంగంలోవాడు. రహస్యం కాపాడిన మనిషి రేపు తమ రహస్యం కూడా కాపాడతాడని గమనిస్తాడు.

ఇప్పుడు 310 పదాలు.

ఆదివారం, ఎనిమిదో రోజు

ఇక నా ఎర్ర పెన్ను పని. విషయం కుదిరాక గ్రామర్ దిద్దడం ఎంత తేలికో! మొదటి రోజు దిద్దిన 23 తప్పుల్లో సగానికి పైగా వాక్యాలతో పాటే పోయాయి. మిగిలినవాటిలో నాలుగు రకాలు మా స్కూలు పిల్లల పేపర్లలో రోజూ కనిపించేవే. మూలం తెలుగులో ఉంది కాబట్టి తెలుగులోనే విప్పి చెప్పాను.

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్." మనకి "2018 నుంచి" అన్నా "ఆరేళ్ల నుంచి" అన్నా ఒకటే "నుంచి". ఇంగ్లీషుకి రెండు మాటలున్నాయి. మొదలైన చోటు చెప్తే సిన్స్, నడిచిన కాలం చెప్తే ఫర్. పిల్లలకి నేను ఇలా చెప్తాను: "ఎప్పటి నుంచి?" అనే ప్రశ్నకి జవాబైతే సిన్స్, "ఎంత కాలంగా?" అనే ప్రశ్నకైతే ఫర్. క్రియ కూడా మారాలి, "ఐ హావ్ బీన్ వర్కింగ్" అని. ఆ పని అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందని ఆ "హావ్ బీన్" చెప్తుంది.

"ఐ హావ్ కంప్లీటెడ్ మై ఎమ్మెస్సీ ఇన్ 2018." తెలుగులో "పూర్తి చేశాను" ఒక్కటే. ఇంగ్లీషులో సంవత్సరం చెప్పిన తర్వాత "హావ్" ఉండకూడదు. "ఐ కంప్లీటెడ్" చాలు.

"ఐ యామ్ హావింగ్ ఎక్స్‌పీరియెన్స్." అనుభవం జరుగుతూ ఉండే పని కాదు, ఉన్న స్థితి. అందుకని "ఐ హావ్".

"డిస్కస్డ్ అబౌట్." మనం ఒక విషయం "గురించి" చర్చిస్తాం. ఇంగ్లీషులో ఆ "గురించి" డిస్కస్ అనే క్రియలోనే ఉంది. మళ్లీ అబౌట్ అక్కర్లేదు.

ఇవి కాక "ఎ", "ది" సవరణలు తొమ్మిది. తెలుగులో ఇవి లేవు కాబట్టి మన చెవికి వాటి లోటు తెలియదు. తమ్ముడికి ఒక చిట్కా ఇచ్చాను. ఆ వస్తువు ఏదో చదివేవాడికి ఇప్పటికే తెలుసా? తెలిస్తే "ది". మొదటిసారి ఎదురుపడుతున్న ఒక్క వస్తువైతే "ఎ". ఫిల్టర్ మొదట వచ్చినచోట "ఎ సిరింజ్ ఫిల్టర్", రెండో వాక్యంలో "ది ఫిల్టర్". ఆ ఒక్క ఉదాహరణతో మిగతావి వాడే పట్టుకున్నాడు.

"పాస్డ్ అవుట్" దగ్గర కాసేపు ఆలోచించాను. మన దగ్గర 2018 పాసౌట్ అంటే అందరికీ అర్థమవుతుంది, ఉద్యోగ ప్రకటనల్లో కూడా అలాగే రాస్తారు. మన దేశంలో ఇంతమంది వాడే ఇంగ్లీషుని తప్పు అనడం నాకు ఇష్టం ఉండదు. "డూ ద నీడ్‌ఫుల్" కూడా ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు రాసిందే, వాళ్లు మానేశారు, మనం ఉంచుకున్నాం. కానీ బయటి దేశాల్లో పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. ఆ కంపెనీ మందులు ఎగుమతి చేస్తుంది, లెటర్ ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. మార్చేశాం. "కైండ్లీ రివర్ట్" బదులు "రిప్లై" అన్నదీ అందుకే. బయటివాళ్లకి రివర్ట్ అంటే పాత స్థితికి తిరిగి వెళ్లడం.

మంగళవారం

ఇక మొదటి వాక్యం, చివరి వాక్యం మిగిలాయి. వారం రోజులుగా వాటిని ముట్టుకోలేదు.

మొదటిది తేలిగ్గానే పోయింది. "ఐ యామ్ అప్లైయింగ్ ఫర్ ది పోస్ట్ ఆఫ్ సీనియర్ అనలిస్ట్" అని నేరుగా మొదలుపెట్టాం. వెంటనే, ఆరేళ్లుగా ఘన రూప మందుల నాణ్యత పరీక్షల్లో ఉన్నానని. పైన "రెస్పెక్టెడ్ సర్" తీసేశాం. చదివేది సారో మేడమో తెలియదు, ప్రకటనలో పేరు ఇవ్వలేదు. "డియర్ హైరింగ్ మేనేజర్" అని పెట్టాం. కింద "యువర్స్ ఒబీడియెంట్లీ" బదులు "యువర్స్ సిన్సియర్లీ". పాత బ్రిటిష్ పద్ధతిలో పేరు తెలియకపోతే "ఫెయిత్‌ఫుల్లీ" అని రాయాలి, స్కూల్లో నేను అదే చెప్తాను. ఇప్పటి కంపెనీ లెటర్లలో సిన్సియర్లీ చెల్లుతుంది. "యువర్స్"లో కామా గుర్తు పైకెక్కకుండా చూసుకోమన్నాను. దాన్ని పైన పెట్టడం మా బడిలో టీచర్లు కూడా చేసే తప్పు.

చివరి వాక్యం గురించి తమ్ముడికి చెప్పాను, అది నాన్నదని. వాడికి తెలియదు. నాన్న పోయేటప్పటికి వాడు చిన్నపిల్లాడు. పాత లెటర్ ఒకటి ఎవరిదగ్గరో చూసి ఎత్తి రాసుకున్నాడట. ఆ ఎవరో కూడా నాన్న దగ్గర కొట్టించుకున్న మనిషే అయ్యుండాలి.

"అయితే ఉంచేద్దామక్కా" అన్నాడు వెంటనే.

నాకూ ఉంచాలనే ఉంది. కానీ నాన్న ఆ వాక్యం ఎవరికి రాసేవారో ఆలోచించాను. తాలూకాఫీసులో, రైల్వేలో, మిల్లులో ఒక పెద్ద అధికారి కూర్చుని ఉండేవాడు. ఆయనకి కావాల్సింది చెప్పినమాట వినే మనిషి. ఆ అధికారికి ఏం వినిపించాలో నాన్నకి తెలుసు కాబట్టే ఆ వాక్యంతో మా వీధిలో ఎందరికో ఉద్యోగాలొచ్చాయి. ఇప్పుడు ఈ లెటర్ చదివేది ఒక ల్యాబ్ మేనేజర్. ఫలితం కిందికి జారుతుంటే అందరూ బాగానే ఉందన్నా నిద్రపోకుండా లాగ్ బుక్ తిప్పే మనిషి ఆయనకి కావాలి. నాన్న ఉండుంటే ఈ మేనేజర్ కోసం వేరే వాక్యం కొట్టేవారు. ఆ మాటే తమ్ముడికి చెప్పాను.

"అయితే నువ్వే గీత గీయి అక్కా" అన్నాడు.

గీశాను. ఒకే ఒక సన్నటి గీత, కింద మాట కనపడేలా. పక్కన నా పొట్టి సంతకం, తేదీ. కారణం ఏం రాయాలో తోచలేదు. చివరికి "చదివేవారు మారారు" అని తెలుగులో రాశాను.

దాని స్థానంలో రెండు వాక్యాలు. నోటీసు గడువు 60 రోజులు అని ఒకటి. ఫిల్టర్ విచారణ గురించి ముఖాముఖి వివరంగా చెప్పగలనని ఇంకొకటి. జీతం సంగతి రాయలేదు, ప్రకటనలో అడగలేదు కాబట్టి. 244 పదాలు.

గురువారం, పన్నెండో రోజు

సాయంత్రం వీడియో కాల్‌లో తమ్ముడి చేత లెటర్ పైకి చదివించాను. రేపు ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఈ మాటలే వాడి నోట రావాలి. నోరు తిరగని మాట కాగితం మీద కూడా వాడిది కాదు. రెండుచోట్ల ఆగాడు. "మెటిక్యులస్" దగ్గర ఒకసారి. అది నేను చేర్చిన మాట, దిద్దుతున్న ఉత్సాహంలో. "కేర్‌ఫుల్" అని మార్చాను. "సబ్సీక్వెంట్లీ" దగ్గర రెండోసారి. అక్కడ "దెన్" సరిపోయింది. చివరి పేరాలో ఇంకో వాక్యం మూడుసార్లు చదివినా అర్థం తెగలేదు. తెలుగులో మనం "చేసి", "చూసి", "అడిగి" అంటూ ఒకే వాక్యంలో ఎంత దూరమైనా నడిచేస్తాం, ఇంగ్లీషు వాక్యం ఆ బరువు మోయదు. రెండు ముక్కలు చేసి, మధ్యలో ఉన్న అదనపు మాటలు తీసేశాం. 231 పదాలు, ఒక పేజీలో చుట్టూ జాగా మిగిలింది.

పంపే ముందు నాన్న చేసే పని ఒకటి చేశాను. టైపు కొట్టాక ఆయన కాగితాన్ని కింది నుంచి పైకి చదివేవారు, చివరి వాక్యం ముందు, మొదటి వాక్యం చివర. అర్థం వెంట కన్ను పరిగెత్తకుండా ఒక్కో మాట దగ్గరా ఆగుతుందని. అలా చదివితే దొరికింది. "ఫ్రమ్" ఉండాల్సిన చోట "ఫార్మ్" ఉంది. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్ర గీత పెట్టలేదు, ఇద్దరం ఇరవైసార్లు చదివినా కనపడలేదు.

ఫైలు పేరు "న్యూ లెటర్ ఫైనల్ 3" అని ఉంది. వాడి పేరు, పోస్టు పేరు పెట్టి పీడీఎఫ్ చేయించాను. మెయిల్ సబ్జెక్టులో పోస్టు పేరు, ప్రకటనలో ఇచ్చిన రెఫరెన్స్ నంబర్, ఆరేళ్ల అనుభవం. 8.50కి పంపాడు. 9.15కి నైట్ షిఫ్టు కంపెనీ బస్సు, పరిగెత్తాడు.

తొమ్మిదిన్నరకి మెసేజ్ వచ్చింది. "బస్సెక్కాక సెంట్‌లోకి వెళ్లి తెరిచి చూశానక్కా. లెటరూ బయోడేటా రెండూ వెళ్లాయి. టైమ్ రాసుకున్నాను."